గైడ్లను తయారుచేస్తానన్న మేనల్లుడికి

ఒరేయ్ నాన్నా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ మేనల్లుడు ఉద్యోగం మానేశాడు వదినా, అడవుల్లో తిప్పే గైడ్లకు ట్రైనింగ్ సెంటర్ పెడతాడట" అని ఒకటే బాధ. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది. భయం ఆ రాత్రి పట్టుకుంది. నీ సిలబస్ కాగితాలు కూడా పంపింది. నిన్ను అడక్కుండానే పంపి ఉంటుంది, ఆవిడ మీద ఎగరకు. రెండుసార్లు చదివాను. ఫోన్ చేస్తే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అంటూ పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తా. ప్రథమ చికిత్స రెండు రోజుల సర్టిఫికెట్‌తో సరిపెట్టకు. సాయం రావడానికి గంటలు పట్టే చోట్ల కోసమే డెబ్బై, ఎనభై గంటల కోర్సులున్నాయి, అలాంటిది చేయించు. వైర్‌లెస్, ఇన్సూరెన్స్, పార్కు నిబంధనలు నీకు తెలిసినవే. గుంపు సైజు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఒక గైడుకు ముప్పై మంది అని రాశావు! గాలపాగోస్ దీవుల్లో ఒక గైడు వెంట 16 మందికి మించి పంపరు, అదీ లైసెన్సున్న గైడు లేకుండా చాలా చోట్ల అడుగే పెట్టనివ్వరు. ముప్పై మందిలో వెనకున్నవాళ్లకు నీ గైడు మాట వినపడదు, వాళ్లు ఏం చేస్తున్నారో అతనికి కనపడదు.

తలలు లెక్కపెట్టడం సిలబస్‌లో ఒక లైనైనా లేదు. నాతో పనిచేసిన ఒకాయన ఒక సాయంత్రం గుంపుని తీసుకెళ్లి, తిరిగొచ్చాక చూస్తే ఒకడు తక్కువ. షూ లేసు కట్టుకోవడానికి ఆగాడట, అంతే, ముందువాళ్లు మలుపు తిరిగిపోయారు. చీకటి పడ్డాక దొరికాడు, క్షేమంగానే ఉన్నాడు. వెతకడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. మనవాళ్లతో ఎక్కడికి బయల్దేరినా బండెక్కే ముందు అందర్నీ లెక్కపెడతానని మీరంతా నవ్వుతారు కదా, నవ్వుకోండి. ప్రతి మలుపులో, ప్రతి ఆగిన చోటా లెక్కపెట్టాలి. దాని మీద నాతో వాదించకు.

ఇక అసలు గొడవకొస్తా. నీ కోర్సులో మాట్లాడటం నేర్పడానికి రెండు వారాలు ఇచ్చావు. కథ చెప్పడం, గొంతు వాడుక, సందర్శకుల సంతృప్తి, ఫొటోలకు సాయపడటం, అన్నీ ఉన్నాయి. "వద్దు" అనడం నేర్పే క్లాసు ఒక్కటి కూడా లేదు. జంతువు చెవులు రిక్కించగానే బండి వెనక్కి తీయించడం, సగం దారిలో గుంపుని తిప్పుకు రావడం, కనిపించే గూడుని చూపించకుండా దాటిపోవడం, ఇవి ఎవరు నేర్పుతారు? బాగా మాట్లాడితే మంచి గైడు అనుకుంటున్నావు. చాలా పాత పొరపాటు అది. యెల్లోస్టోన్‌లో ఏం జరిగిందో చెప్తాను, కాస్త ఓపిక పట్టి చదువు.

అమెరికాలో 1872లో పెట్టిన నేషనల్ పార్కు అది. హోటళ్లలో మిగిలిన తిండినీ చెత్తనీ పార్కులోనే కుప్పలు పోసేవాళ్లు. వాటికి ఎలుగుబంట్లు మరిగాయి, ఆ ఎలుగుల్ని చూడటానికి జనం మరిగారు. చివరికి 1931లో ఆటర్ క్రీక్ అనే చోట ఏకంగా వరసలుగా సీట్లు కట్టించి, ఎదురుగా చెత్త పోయించి, గ్రిజ్లీలు అనే పెద్ద గోధుమరంగు ఎలుగులు తింటుంటే జనం కూర్చుని చూసే ఏర్పాటు చేశారు. ఇలాంటి ప్రదర్శనల్లో పార్కు రేంజర్లే నిలబడి ఎలుగుబంటి గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లు. గమనించు, బయటి దళారీలు కాదు, యూనిఫాం వేసుకున్న ఉద్యోగులు. వాళ్లు చెప్పిన ప్రతి మాటా నిజమే అనుకుందాం. అయినా అక్కడ కూర్చున్నవాడు ఇంటికి ఏం నేర్చుకుని వెళ్లి ఉంటాడు? తిండి పెడితే ఎలుగు దగ్గరికొస్తుందని. నీ ఫీడ్‌బ్యాక్ ఫారం అప్పుడు అక్కడ పంచి ఉంటే ఆ ప్రదర్శనకి అయిదుకి అయిదు వచ్చేవి.

1941 తర్వాత సీట్లముందు ఆట ఆగింది. చెత్తకుప్పలు ఆగలేదు, జనం కంటికి దూరంగా సాగాయి. రోడ్ల పక్కన నల్ల ఎలుగులు కార్ల దగ్గర తిండి అడుక్కోవడమూ సాగింది. 1931 నుంచి 1969 దాకా పార్కు లెక్కల ప్రకారం ఏటా సగటున 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు. చివరికి కుప్పలు మూసేయాలని నిర్ణయించారు. అక్కడే ఏళ్ల తరబడి గ్రిజ్లీల మీద పరిశోధన చేస్తున్న ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అన్నదమ్ములు నెమ్మదిగా మూయమన్నారు. ఉన్నట్టుండి మూస్తే తిండి కోసం అవి క్యాంపుల మీద పడతాయి, జనానికీ వాటికీ ముప్పు అన్నారు. పార్కు వాళ్లు వినలేదు, 1970 ప్రాంతంలో చకచకా మూసేశారు. ఎలుగులు క్యాంపుల్లోకి వచ్చాయి, చాలావాటిని చంపాల్సి వచ్చింది. 1975లో ఆ గ్రిజ్లీలను ముప్పులో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చారు.

ఎవరో ఒకరు మొదటి చెత్తకుప్ప దగ్గరే జనాన్ని నిలబెట్టి "ఇక్కడ చూడటానికి ఏమీ లేదు, పదండి" అని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకి ధైర్యం కావాలి, దాని వెనక శిక్షణ కావాలి. అన్నిటికంటే ముందు, ఆ మాట అన్నవాడి వెనక నిలబడే యజమాని కావాలి.

ఆఫ్రికాలో పర్వత గొరిల్లాల దగ్గర ఆ "వద్దు" అనే పని చేస్తున్నారు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మంది, ఒక్క గంట. మనుషుల జలుబు వాటికి ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి దూరం పాటించాలి, ఒంట్లో బాగోలేని మనిషి వెళ్లకూడదు. ఎంతో ఖర్చుపెట్టి, సముద్రాలు దాటి వచ్చినవాడు దగ్గుతూ నిలబడి "ఏం ఫర్వాలేదు, పద" అంటే గైడు ఆపాలి. ఆ పరిస్థితిని క్లాసులో ఆడించు. ఒకడు గైడు, ఒకడు డబ్బున్న సందర్శకుడు. వాడు ముందు బతిమాలాలి, తర్వాత టిప్పు చూపించాలి, ఆ తర్వాత పైవాళ్లకి ఫోన్ చేస్తానని బెదిరించాలి. మూడూ తట్టుకుని, ఎదుటి మనిషిని అవమానించకుండా వెనక్కి పంపగలిగినవాడే పాసు. ఒక్కసారి ఆడిస్తే రాదు, కోర్సు మొత్తం ఆడిస్తూనే ఉండు. టిప్పుల మీద బతికే గైడు "వద్దు" అనలేడు, జీతం సంగతి నువ్వు ఆ సెంటర్ నుంచి పంపే చోట్ల ముందే మాట్లాడుకో. వచ్చిన టిప్పులు ఒక డబ్బాలో వేసి అందరూ పంచుకునే పద్ధతి పెట్టిన చోట జంతువుల వెంట బండ్లు పరిగెత్తించడం తగ్గడం నేను చూశాను.

ఇంకో మాట, ఎంట్రన్స్ పరీక్ష రాతపరీక్ష అని పెట్టావు. దాన్ని కొట్టేయి. నేను పనిచేసిన ఒక సంస్థలో తేనె తీసుకొచ్చే ఒకతను వచ్చాడు. పాదముద్ర చూసి జంతువు ఎప్పుడు వెళ్లిందో, కుంటుతోందో లేదో చెప్పేవాడు, పక్షి అరుపు మారితే అందర్నీ ఆపేసేవాడు. పేరు రాయడం తప్ప ఏమీ రాదు. ఫెయిల్ చేశారు. ఆ సీటు మూడు భాషలు మాట్లాడే కుర్రాడికి వెళ్లింది, పాపం మంచివాడే, ఏడాది తిరక్కుండా నగరానికి వెళ్లిపోయాడు. కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యంలో ఏం చేశారో తెలుసుకో. అడవిలో దొంగతనంగా దాల్చిన జాతి చెట్ల బెరడు ఒలిచి అమ్ముకునేవాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడి, గైడ్లుగా, కాపలాదార్లుగా మార్చారు. దొంగదారులన్నీ తెలిసినవాళ్లు కదా, వాళ్లకంటే బాగా కాపలా ఎవరు కాస్తారు? నీకు అలాంటివాళ్లు వస్తే రాయడం నువ్వు నేర్పు, మిగతాది వాళ్లు నీకు నేర్పుతారు. పాఠం చెప్పేవాళ్ల జాబితాలో వాళ్ల పేర్లూ ఉండాలి, వాళ్లకీ గంటల లెక్కన డబ్బివ్వాలి.

బాట సంగతి చిన్నదే కానీ చెప్పకపోతే మర్చిపోతావు. బురద కనపడితే అందరూ పక్కనుంచి గడ్డి మీదుగా నడుస్తారు, అలా బాట ఏటికేడూ వెడల్పవుతుంది. తొక్కని నేల మీద మొదటి కొద్దిమంది అడుగులతోనే ఎక్కువ నష్టం జరిగిపోతుంది. కాబట్టి గైడే ముందు బురదలోకి దిగాలి, నవ్వుతూ దిగాలి. ప్రతి బ్యాచ్ చేతా బాట వెడల్పు టేపుతో కొలిపించు, అదే చోట, అదే నెలలో. 1985లో అమెరికా అటవీశాఖ పరిశోధకులు ఎంతమంది వస్తే ఎక్కువ అని అడగడం పక్కనపెట్టి, ఎంత మార్పుని ఒప్పుకుంటాం అని ముందే రాసుకుని, కొలుస్తూ ఉండే పద్ధతి తెచ్చారు. నీ దగ్గర నేర్చుకునే పిల్లలకి అది నేర్పితే, పార్కు ఆఫీసరు ముందు "నాకు అనిపిస్తోంది సార్" అనక్కర్లేదు, కాగితం పెట్టి మాట్లాడొచ్చు.

కోప్పడ్డానని మనసు కష్టపెట్టుకోకు. చిన్నప్పుడు చీమల పుట్ట చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, ఎవర్నీ దాటనివ్వకుండా రోజంతా కాపలా కూర్చున్న పిల్లాడివి నువ్వు. మీ నాన్నని కూడా దాటనివ్వలేదు. ఈ సిలబస్ రాసింది ఆ పిల్లాడేనా అని అనుమానం వచ్చి ఇంత రాశాను. ఇన్హేలర్ జేబులో పెట్టుకో, బ్యాగులో కాదు. మొదటి ఏడాది జీతాలకి ఇబ్బందైతే మీ నాన్నకంటే ముందు నాకు చెప్పు.

సిలబస్ మార్చి మళ్లీ పంపు. మొదటి బ్యాచ్ మొదలైన రెండో వారంలో నేను వస్తా, పాఠాలు చెప్పడానికి కాదు. ఆ డబ్బున్న సందర్శకురాలి వేషం నాకివ్వు. మీ పిల్లల్ని బతిమాలి, టిప్పు చూపించి, పైవాళ్లకి ఫోన్ చేస్తానని బెదిరించి ఏడిపిస్తాను. ఆ వేషం నాకు ఎంత బాగా కుదురుతుందో మీ అమ్మని అడుగు.

మీ అత్త