గిర్టన్‌లో మొదటి టర్మ్: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

గిర్టన్ కాలేజీ ఎర్ర ఇటుకల గోడలు, ఎంతకీ తరగని వరండాలు ఫొటోల్లో చూసి మురిసిపోతున్నావట, మీ అమ్మ చెప్పింది. మురిసిపో. కానీ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీదే అయినా అది కేంబ్రిడ్జ్ ఊరి నడుమ లేదన్న సంగతి మరిచిపోకు. ఎమిలీ డేవిస్ 1869లో ఆడపిల్లల కోసం హిచిన్‌లో మొదలుపెట్టిన ఆ కాలేజీని 1873లో గిర్టన్‌కి మార్చారు. మగపిల్లల కాలేజీలకు ఎడంగా ఉండాలని ఊరికి రెండున్నర మైళ్ల అవతల కట్టారు. 1979 నుంచి అబ్బాయిలూ అక్కడే చదువుతున్నారు గానీ దూరం తగ్గలేదు. నీ రోజంతా దాన్ని బట్టే నడుస్తుంది.

వెళ్లిన వారంలోనే సైకిలు కొనుక్కో. పాతదైనా ఫర్వాలేదు, గేర్లూ మడ్‌గార్డులూ ఉండాలి. పొద్దున కాజిల్ హిల్ మీంచి జారుకుంటూ వెళ్లిపోతావు, సాయంత్రం పుస్తకాల బరువుతో అదే ఎక్కాలి. ముందు చక్రానికి మాత్రమే తాళం వేస్తే ఆ చక్రమే మిగులుతుంది. ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి ఇనుప స్టాండుకి బిగించు. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దుగుంకుతుంది, కాబట్టి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాల్సిందే.

లెక్చర్లు గంట దాటిన ఐదు నిమిషాలకు మొదలై, తర్వాతి గంటకు ఐదు నిమిషాల ముందే అయిపోతాయి. ఆ పది నిమిషాల్లో రూముకెళ్లి రావడం జరగని పని. మధ్యాహ్నం తిండి వెంట పట్టుకెళ్లు, ఖాళీ గంటల్లో డిపార్టుమెంటు లైబ్రరీలో కూర్చో.

టర్మ్ ఎనిమిది వారాలే. సూపర్‌విజన్‌లో, అంటే టీచరు దగ్గర కూర్చుని నేర్చుకునే చిన్న క్లాసులో, ఒకరిద్దరు పిల్లలే ఉంటారు, చదవకుండా వెళ్తే దాక్కోవడానికి చోటుండదు. ఐదో వారానికి అందరికీ నీరసం వస్తుంది, దానికి అక్కడ 'ఐదోవారం దిగులు' అని పేరే ఉంది. ఆ వారం కొత్తవేవీ నెత్తినేసుకోకు.

కొత్త విద్యార్థుల కోసం పెట్టే ఫ్రెషర్స్ ఫెయిర్‌లో వందల క్లబ్బులు పిలుస్తాయి. ప్రతి బల్ల దగ్గరా ఈమెయిలు రాసిచ్చావంటే ఏడాదంతా ఉత్తరాలు తుడుచుకుంటూ కూర్చోవాలి. రెండు చాలు. అందులో ఒకటి పడవ నడపడం అయితే నాకు సంతోషం. ఎనిమిది మంది తలో తెడ్డు వేస్తారు, దారి చూపేది కాక్స్. ఈత వచ్చని ముందు నిరూపించుకోవాలి; కాలేజీలోనే ఈతకొలను ఉంది, సెప్టెంబరులోగా ఈత బాగా సాధన చెయ్యి.

కొత్తవాళ్లందరికీ ఎదురయ్యేది 'క్రాబ్'. తెడ్డు నీళ్లలోంచి పైకి రాకముందే మణికట్టు తిప్పేస్తారు, తెడ్డు చివరి వెడల్పాటి రెక్క నీటికింద చిక్కుకుంటుంది, పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది. ముందు చేతులు కిందికి నొక్కు, రెక్క పూర్తిగా బయటపడ్డాకే తిప్పు. చిక్కుకుంటే మాత్రం పెనుగులాడకు, పిడి వదిలేసి వెనక్కి వాలిపో. అరచేతులు బొబ్బలెక్కుతాయి, వాటికి టేపు చుట్టుకో. అక్కడి కామ్ నది ఇరుకు, పడవలు పక్కపక్కన పందెం కట్టలేవు. అందుకే పడవన్నర పొడవు ఎడంతో ఒకదాని వెనక ఒకటి బయల్దేరి ముందున్నదాన్ని తాకాలి. దాన్నే 'బంప్స్' అంటారు. వ్యాసం ఇవ్వాల్సిన రోజు పొద్దున మాత్రం పడవ ఎక్కనని ముందే చెప్పెయ్యి.

వంటగదిని అక్కడ 'జిప్' అంటారు. పోపు వేసేటప్పుడు జాగ్రత్త. నూనె పొగలొచ్చేదాకా కాగనివ్వకు, సన్నసెగ మీదే ఆవాలు చిటపటలాడించి వెంటనే మూత పెట్టు. కిటికీ తీసి, వరండా వైపు తలుపు మూసుకో. అలారం మోగిందంటే వరండా మొత్తం చలిలో నీ కోసం నిలబడుతుంది. 1870ల చివర్లో ఆ కాలేజీ అమ్మాయిలే అగ్నిమాపక దళంగా ఏర్పడి బకెట్లతో కసరత్తు చేసేవారు, అంత భయం ఉండేది మంటలంటే.

పెట్టెలో మీ అమ్మ నెయ్యి సీసా పెడితే తీసెయ్యి, ఇక్కణ్ణుంచి పాల పదార్థాలు బ్రిటన్‌లోకి రానివ్వరు. పోపుగింజలు తీసుకెళ్లు. ఇంగువ మాత్రం బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో చుట్టు.

ఇట్లు,
అత్తయ్య