మందారకు పిండినల్లి పడితే సబ్బు కన్నా ముందు నీటిని చూడండి

మందార మొక్కకు సబ్బునీళ్ళు మూడుసార్లు కొట్టినా పిండినల్లి (దూదిలా తెల్లగా పట్టే పురుగు) పోలేదని, ఏ సబ్బు వాడితే పోతుందని మీరు అడిగారు. నన్నడిగితే లోపం సబ్బులో కాదు, మీరు కలిపిన నీటిలో ఉంది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండేళ్ళ క్రితం వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, మా పెరటి ముద్దమందార చిగుళ్ళు ముడుచుకుపోయి, కణుపుల దగ్గర దూది అంటించినట్టు తెల్లబడ్డాయి. కొబ్బరినూనె సబ్బును తురిమి, లీటరుకు 10 గ్రాముల చొప్పున బోరు నీటిలో కలిపాను. కలుపుతుండగానే పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలాయి, నురగ పట్టలేదు. ఆ తరకలు స్ప్రేయరు మూతికి అడ్డుపడుతుంటే పుల్లతో పొడుస్తూనే చెట్టంతా తడిపాను. మర్నాడు చూస్తే పురుగులు నిక్షేపంగా పాకుతున్నాయి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును విరిచేస్తే ఇక పురుగు మీద పనిచేయడానికి మిగిలేదేమీ ఉండదు.

ఆ సాయంత్రం తాగడానికి కొన్న నీళ్ళ టిన్నులోంచి నాలుగు లీటర్లు తీసి, అదే సబ్బు, అదే కొలతతో కలిపాను. తాగే నీళ్ళు చెట్టుకు కొడతావా అని అమ్మ కోప్పడింది కానీ, నురగ నిండుగా వచ్చింది. ఆకుల అడుగున, కణుపుల సందుల్లో కారేటట్టు కొట్టాను. తెల్లటి మైనపు పొర తడిసి చెదిరిపోయి, లోపలి గులాబీరంగు పురుగులు బయటపడ్డాయి. తెల్లవారేసరికి చాలావరకు ఎండి ముడుచుకుపోయాయి.

సబ్బునీరు తడిగా తగిలిన పురుగునే చంపుతుంది. ఆరిపోయాక దానికి శక్తి ఉండదు, దూదిలాంటి సంచుల్లోని గుడ్లకు పెద్దగా ఏమీ కాదు. అందుకే వారానికొకసారి చొప్పున మూడుసార్లు, ఎండ తగ్గాక కొట్టవలసి వచ్చింది. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగి చూడడం మంచిది.

గుప్పెళ్ళతో బట్టల పౌడరు కలపమని చెప్పేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అది సబ్బు కాదు, డిటర్జెంటు. మోతాదు మించితే లేత ఆకులు మాడిపోతాయి. మా పక్కింటివారి గులాబీలు అలాగే పోయాయి.

చీమలను కూడా వదలకండి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం అవి దానిని శత్రుపురుగుల నుంచి కాపాడతాయి. మా మందార కొమ్మ ఒకటి గోడకు ఆనుకుని ఉండేది. దానిని కత్తిరించి, చెట్టు మొదట్లోని చీమల పుట్టను తవ్వి తీశాకనే పిండినల్లి మళ్ళీ పట్టడం ఆగింది.