‘ఛార్జి’ మోసే బరువులు

సందేహం: ఒక ఇంగ్లీషు కథను అనువదిస్తున్నాను. అందులో ఒక ఆయా ‘తన ఛార్జెస్‌ని తీసుకుని తోటకు వెళ్ళింది’ అని ఉంది. నిఘంటువు తెరిస్తే రుసుము, దాడి, నేరారోపణ, బాధ్యత, విద్యుదావేశం, తుపాకిమందు అంటూ వరసగా ఉన్నాయి. వీటిలో ఏదీ తోటకు వెళ్ళేలా లేదు. ఒక్క మాటకు పొంతన లేని ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఏదైనా ఉందా?

సమాధానం: ముందు ఆ ఆయా సంగతి తేల్చేద్దాం. ఆమె ఛార్జెస్ అంటే ఆమెకు అప్పగించిన పిల్లలు. ‘తన సంరక్షణలో ఉన్న బాలబాలికలను’ అని రాశారంటే కథ కాస్తా ప్రభుత్వ ఉత్తర్వులా తయారవుతుంది. ‘ఆయా పిల్లల్ని తోటకు తీసుకెళ్ళింది’ అనండి, చాలు. ఆయా అన్నాక ఆ పిల్లలు ఆమెకు అప్పగించినవాళ్ళేనని పాఠకుడికి తెలుసు.

ఇక పొంతన మాట. ఉంది. లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. దాని నుంచి బండికి బరువెత్తడం అనే క్రియ పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ఛార్జి అయి చేరింది. కారు, కార్గో, క్యారీ అన్నీ ఆ ఇంటివే. మనిషి ముక్కునో చెవులనో మితిమీరి పెంచి గీసే క్యారికేచర్ కూడా ఆ చుట్టమే. ‘బరువు ఎక్కువ వేసిన బొమ్మ’ అన్నమాట.

‘బరువెత్తడం’ అనే ఒక్క తాళంచెవి చేతిలో ఉంటే తక్కిన తలుపులు తెరుచుకుంటాయి. మనిషి నెత్తిన పని పెడితే బాధ్యత, నేరం పెడితే అభియోగం, డబ్బు కట్టమని పెడితే రుసుము. తుపాకిలో మందు దట్టిస్తే అదీ ఛార్జే. శత్రువు మీద తన బరువంతా వేసి పడటమూ ఛార్జే. లాఠీఛార్జి ఈ చివరి కొమ్మకు కాసింది. తెలుగువాడికి ఇదేమీ వింతగా తోచనక్కర్లేదు. మనం నేరం ‘మోపుతాం’, పని ‘తలకెత్తుకుంటాం’, పన్నును ‘భారం’ అంటాం, ‘బరువుబాధ్యతలు’ అని జంటగానే పలుకుతాం. ఇంగ్లీషువాడి బండీ మన బుట్టా ఒకే దారిన నడిచాయి. పత్రికల్లో ‘ఛార్జీల మోత’ అన్న శీర్షిక చూసినప్పుడల్లా నాకు చిన్న సరదా. ఆ మోత మోగే మోతా, మోసే మోతా? మోగేదానికి పాత రూపం ‘మ్రోత’. దాని క్రావడి రాలిపోయాక రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. రాసినవారి ఉద్దేశం మొదటిదే కావచ్చు గానీ, రెండోది ధాతువుకు దగ్గర.

విద్యుత్తు దగ్గర మాత్రం దారులు చీలాయి. 1740ల చివర బెంజమిన్ ఫ్రాంక్లిన్ లైడెన్ జాడీలతో, అంటే విద్యుత్తును నిలవ ఉంచే గాజు జాడీలతో, ప్రయోగాలు చేస్తూ, జాడీలోకి విద్యుత్తు ఎక్కించడాన్ని తుపాకికి మందు దట్టించినట్టు చూశాడు. వరసగా కలిపిన జాడీలకు బ్యాటరీ అని పేరుపెట్టింది కూడా ఆయనే. అప్పటికి ఆ మాట ఫిరంగుల వరసకు చెల్లుతుండేది. మన పాఠ్యపుస్తకాలు రాసినవారు తుపాకి జోలికి పోకుండా ‘ఆవేశం’ అన్నారు. లోపలికి ప్రవేశించడం దాని మూలార్థం. పూనకానికీ కోపానికీ వాడే మాటే. ధనావేశం, రుణావేశం, విద్యుదావేశం బాగా కుదిరిన మాటలు. అలాగని వాటిని కథలోకి తెచ్చి ‘ఫోను ఆవేశితమైంది’ అని రాయకండి. చదివేవాడికి ఫోను కోపంతో ఊగుతున్నట్టు కనిపిస్తుంది.

అన్నట్టు, ఫోను దగ్గర మనవాళ్ళు చేసిన మార్పు గమనించారా? ఇంగ్లీషులో ఛార్జింగ్ అంటే జరుగుతున్న పని. మనకు అది ఫోనులో ఉండే సరుకు. ‘ఛార్జింగ్ లేదు’, ‘ఛార్జింగ్ సగం ఉంది’, ‘కాస్త ఛార్జింగ్ పెట్టు’ అంటాం. అందుకే ‘ఛార్జింగ్ అయిపోయింది’ అన్న మాటను తెలుగు రానివాడికి ముక్కస్య ముక్కగా ఇంగ్లీషులో చెబితే బ్యాటరీ నిండిందనుకుంటాడు. మనం చెప్పింది ఖాళీ అయిందని! ఇది తప్పు అనేవాళ్ళున్నారు. నేను అనను. అరువు తెచ్చుకున్న మాటను ఇంటి వాడుకకు తగ్గట్టు కత్తిరించుకునే హక్కు ప్రతి భాషకూ ఉంది.

‘ఇన్‌ఛార్జి’దీ అలాంటి కథే. ఇంగ్లీషులో ఆ మాట అసలు పెత్తనం ఉన్నవాణ్ణి చెబుతుంది. మన కార్యాలయాల్లో ‘ఇక్కడ ఇన్‌ఛార్జితోనే నడుస్తోంది’ అంటే పూర్తిస్థాయి అధికారి లేడు, వేరొకరు అదనంగా చూస్తున్నారని ఫిర్యాదు. అనువాదంలో ఈ పదం ఎదురైతే ఏ అర్థమో చూసుకోండి. అసలువాడైతే ‘బాధ్యుడు’ అనవచ్చు, ‘ఆ విభాగం చూసేది ఆయనే’ అంటే ఇంకా హాయి.

కోర్టు మాటల్లో మాత్రం చూసీచూడనట్టు పోకూడదు. ఆరోపణ ఎవరైనా చేయవచ్చు, వీధి అరుగు మీద కూర్చుని కూడా. అభియోగానికి చట్టం కావాలి. మన దేశంలో దర్యాప్తు ముగించి ఛార్జిషీటు, అంటే అభియోగపత్రం, దాఖలు చేసేది పోలీసులు. దాన్ని పరిశీలించి, ఏ నేరాల మీద విచారణ సాగాలో నిర్ణయించి అభియోగాలు నమోదు చేసేది కోర్టు. ఛార్జిషీటు పడింది కదా అని ‘నేరం రుజువైంది’ అని రాసే అనువాదాలు చూశాను. అది భాష తప్పుతో పోయేది కాదు.

డబ్బు విషయంలో మనకు ఒకటి అడిగితే అర డజను ఉన్నాయి. వస్తువుకు వెల, ధర, ఖరీదు. ఇంటికి అద్దె. బండికి కిరాయి. మనిషి శ్రమకు కూలి. దరఖాస్తుకు రుసుము. సరుకు ఎల్లలు దాటితే సుంకం. ఇన్నీ ఉండి కూడా బస్సెక్కితే ‘ఛార్జీ’ అనే అంటాం. విచిత్రమేమిటంటే ఇంగ్లీషువాడు అక్కడ ఛార్జి అనడు, ‘ఫేర్’ అంటాడు. ఉచితంగా ఇస్తే ‘ఫ్రీ ఆఫ్ ఛార్జి’. అక్కడ ‘ఛార్జీ లేకుండా’ కన్నా ‘ఉచితంగా’ చాలు, ‘ఊరికే’ ఇంకా బాగు.

‘ఛ’ ఎందుకని మీరు అడగలేదు గానీ, ఇంకెవరైనా అడుగుతారు. ఇంగ్లీషు ఉచ్చారణలో మన ‘ఛ’లో ఉన్న ఒత్తు లేదు. అయినా ‘చార్జి’ అని రాస్తే ‘చాప’లోని దంత్యంలా చదివే ప్రమాదం ఉంది. ఆ మెత్తదనాన్ని తప్పించడానికే ఒత్తు తగిలించారని నా ఊహ. ఛాన్సు, ఛానలు కూడా అలా వచ్చినవే కావాలి.

అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి అడిగారు. ‘భారం’ చాలా దూరం వస్తుంది, లాఠీ దగ్గర ఆగిపోతుంది. ‘డిశ్చార్జి’ వచ్చినప్పుడు మాత్రం ‘దించడం’ గుర్తుపెట్టుకోండి. ఓడ సరుకు దించుతుంది, అప్పు తీర్చినవాడు బరువు దించుకుంటాడు. ఆసుపత్రి దగ్గర అది పనికిరాదు. రోగిని దించారంటే ఏ మెట్ల మీదనుంచి అని అడుగుతారు. అక్కడ ‘ఇంటికి పంపేశారు’ అనండి.