ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పొర మీద మచ్చలు: మా నాన్నగారు ఒకప్పుడు యుద్ధనౌకలో పనిచేసినందువల్లనేనా?

మీ నాన్నగారు ఆవిరితో నడిచే యుద్ధనౌకలో ఇంజిన్ విభాగంలో తొమ్మిదేళ్ళు పనిచేశారనీ, అక్కడి నుంచి బయటికి వచ్చి ముప్పై అయిదేళ్ళు దాటిందనీ, ఇప్పుడు వేరే కారణంతో తీయించిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తులను కప్పి ఉండే పొర మీద సున్నం పట్టినట్టు మచ్చలు కనిపించాయనీ రాశారు. ఆయాసం, దగ్గు ఏమీ లేవు గానీ ఇది కేన్సర్‌కు మొదలేమోనన్నది మీ భయం. నేను వైద్యుణ్ణి కాను. అలాంటి నౌకలోనే బాయిలర్ గదిలో పన్నెండేళ్ళు పనిచేసినవాణ్ణి, నాలుగేళ్ళ కిందట నా పొర మీద కూడా అవే మచ్చలు ఉన్నాయని తెలుసుకున్నవాణ్ణి కనుక, నాకు తెలిసినది చెబుతాను.

వాటిని ప్లూరల్ ప్లాక్స్ అంటారు. అవి కేన్సర్ కావు, కేన్సర్‌గా మారవు కూడా. చాలామందికి వాటివల్ల ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది ఉండదు. అయితే ఆ మనిషి ఎప్పుడో ఆస్బెస్టాస్ (సన్నని పోగులుగా విడిపోయే, నిప్పంటని ఖనిజం) ధూళి పీల్చాడనడానికి అవి సాక్ష్యం. ముప్పు ఉన్నది మచ్చల వల్ల కాదు, ఆ పీల్చిన ధూళి వల్ల. ఈ తేడాను మా వైద్యురాలు కాగితం మీద బొమ్మ గీసి వివరించేదాకా నేను కూడా రెండు వారాలు సరిగా నిద్రపోలేదు.

ఆవిరి యుద్ధనౌకలో ఆస్బెస్టాస్ లేని గదిని వెతకడమే కష్టం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ డిస్ట్రాయర్లలో ఆవిరిని సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించేవారు. ఆ గొట్టాలు మనుషులు పక్కకు తిరిగి నడవవలసినంత ఇరుకైన గదుల్లోంచి పోయేవి. బరువు పెరగకుండా, నిప్పు అంటుకోకుండా, ఆ వేడిని లోపలే ఆపడానికి అప్పటి ఇంజనీర్లకు చవకగా దొరికిన పదార్థం ఆస్బెస్టాస్. నౌకల్లో ఎక్కువగా వాడిన గోధుమరంగు రకాన్ని అమోసైట్ అంటారు; దానికి ఆ పేరు దక్షిణాఫ్రికాలో దాన్ని తవ్వి తీసిన గని సంస్థ పేరులోని తొలి అక్షరాల నుంచి వచ్చింది. బాయిలర్ల గోడలు, టర్బైన్ల తొడుగులు, ఆవిరి గొట్టాల చుట్టూ ఉండే కట్టు, ఫ్లాంజీల (గొట్టాలను ఒకదానికొకటి బిగించే అంచుల) మధ్య కారకుండా పెట్టే గాస్కెట్లు, వాల్వుల కాడ చుట్టూ తాడులా కూరే ప్యాకింగ్, కొన్ని రకాల విద్యుత్ తీగల పైపొర, లంగరు యంత్రాల బ్రేకులు, చివరికి వేడి వస్తువులను పట్టుకునే చేతితొడుగులు కూడా దానితోనే తయారయ్యేవి.

గొట్టాల మీది కట్టును మేము ల్యాగింగ్ అనేవాళ్ళం. ఒక వాల్వు కారుతోందంటే ముందు దాని మీది ల్యాగింగ్‌ను సుత్తితో కొట్టి, కత్తితో కోసి ఊడదీయాలి. ఫ్లాంజీకి అతుక్కుపోయిన పాత గాస్కెట్‌ను గీకి, తీగ బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయాలి. మరమ్మతు పూర్తయ్యాక సంచీలోని ఆస్బెస్టాస్ పొడిని బకెట్లో పోసి నీళ్ళతో ముద్దగా కలిపి, చేత్తోనే గొట్టానికి మెత్తి, గుడ్డ చుట్టి, ఆరాక రంగు వేసేవాళ్ళం. ఇంత పనిలోనూ ముఖానికి గుడ్డ కట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు. వేడికి చొక్కాలే ఉంచుకోలేని చోట ముఖానికి గుడ్డ కట్టుకునే ఆలోచన ఎవరికీ రాలేదు కూడా. అన్నిటికంటే ఎక్కువ ధూళి మేము పీల్చింది ఆఖరున పొడి చీపురుతో ఊడ్చేటప్పుడేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ కొత్తగా చేరిన కుర్రవాళ్ళకే పడేది. ఊపిరితిత్తుల లోతుకు చేరే పోగులు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి. కనిపించే దుమ్ము నేలకు దిగిపోయిన తరువాత కూడా అవి గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి.

మీ నాన్నగారు ఇంజిన్ విభాగంలో పనిచేశారు కనుక సందేహానికి తావు లేదు. కానీ ఇది చదివే వారిలో మరొకరి తండ్రి వంటశాలలోనో రేడియో గదిలోనో పనిచేసి ఉండవచ్చు. మేము పడుకునే బంకుల మీదుగా కూడా ల్యాగింగ్ కట్టిన గొట్టాలు పోయేవి. ఫిరంగులు పేల్చినప్పుడు వాటి అదురుకు తెల్లటి పొడి దుప్పట్ల మీద రాలేది. డాక్‌యార్డ్‌లో పెద్ద మరమ్మతులు జరిగే నెలల్లో సిబ్బందిలో కొందరం నౌకలోనే నివసించేవాళ్ళం, పక్క గదిలో పనివాళ్ళు పాత కట్టును టన్నులకొద్దీ పెరికివేస్తుండేవారు. హోదాతో కూడా దీనికి నిమిత్తం లేదు. అమెరికా నౌకాదళానికి అధిపతిగా పనిచేసిన అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ 2000 జనవరిలో మరణించినది ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే కేన్సర్‌తోనే. అదే కేన్సర్ వచ్చి 1980లో మరణించిన హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్, మెరైన్ దళంలో ఉండగా శిక్షగా ఒక నౌకలో గొట్టాల ల్యాగింగ్ ఊడదీసిన రోజులే తన జబ్బుకు కారణం కావచ్చునని అనుకున్నాడు.

ఈ ధూళి ప్రమాదమని అప్పట్లో తెలియదా అని మా అబ్బాయి అడుగుతుంటాడు. తెలుసు. ఆస్బెస్టాస్ కర్మాగారాల కార్మికుల మీద జరిపిన అధ్యయనం ఆధారంగా బ్రిటన్ 1931లోనే ధూళి నియంత్రణకు నిబంధనలు తెచ్చింది. అయితే నౌకల విషయంలో 1946లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చాలా హాని చేసింది. నౌకా నిర్మాణ కేంద్రాల్లో గొట్టాలకు కట్టు కట్టే 1,074 మందిని పరీక్షిస్తే ముగ్గురికి మాత్రమే ఆస్బెస్టోసిస్ (ఈ ధూళి వల్ల ఊపిరితిత్తి కండ గట్టిపడే జబ్బు) కనిపించిందనీ, కనుక ఈ పని ప్రమాదకరం కాదనీ అందులో తేల్చారు. ఆ 1,074 మందిలో సుమారు 95 శాతం మంది ఆ పనిలో చేరి పదేళ్ళు కూడా కాలేదు. జబ్బు కనిపించిన ముగ్గురూ ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసినవారు. విత్తనం వేసిన మర్నాడే పొలానికి వెళ్ళి మొలక రాలేదని చెప్పినట్టుంది ఆ నిర్ణయం. 1960లో దక్షిణాఫ్రికాలో నీలిరంగు ఆస్బెస్టాస్ గనుల ప్రాంతపు మెసోథీలియోమా రోగులను గురించిన అధ్యయనం, 1964లో న్యూయార్క్ కట్టుపనివారి మీద ఇర్వింగ్ సెలికాఫ్ బృందం చేసిన అధ్యయనం వచ్చేసరికి విషయం స్పష్టమైంది. కానీ అప్పటికే కట్టిన నౌకలు మరో పాతికేళ్ళు సముద్రం మీదే ఉన్నాయి, వాటిలోనే మేమూ చేరాం.

ఈ ఆలస్యమే ఇప్పుడు మీకు ముఖ్యం. మెసోథీలియోమా ధూళి పీల్చిన ఇరవై నుంచి యాభై ఏళ్ళ తరువాత, ఎక్కువగా ముప్పై నలభై ఏళ్ళ తరువాత బయటపడుతుంది. అప్పటికి మనిషి మరో ఉద్యోగం చేసి, దానినుంచి కూడా విరమించి ఉంటాడు. నాతో ఒకే బాయిలర్ గదిలో ఎనిమిదేళ్ళు పనిచేసిన మిత్రుడికి అరవై నాలుగో ఏట కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఏం పని చేసేవారని ఆసుపత్రిలో అడిగితే, గుమాస్తాగా చేశానని చెప్పాడు, ఎందుకంటే నౌక దిగాక ఇరవై ఎనిమిదేళ్ళు అతను చేసింది అదే. క్షయ కావచ్చునని మందులు ఇచ్చారు, రెండుసార్లు నీరు తీశారు, ఎనిమిది నెలలు గడిచాయి. నేను చూడటానికి వెళ్ళినప్పుడు, మంచం పక్కనున్న వైద్యుడితో మాటల మధ్యలో మా నౌక ప్రసక్తి వచ్చింది. ఆయన వెంటనే పొర నుంచి ముక్క తీసి పరీక్షించే ఏర్పాటు చేశారు, అది మెసోథీలియోమా. ముందే తెలిసి ఉంటే బతికేవాడని నేను అనను, ఈ కేన్సర్ అంత సులభంగా వదిలేది కాదు. కానీ ఆ ఎనిమిది నెలలు అతనికి ఎంతో విలువైనవి. శస్త్రచికిత్స కుదరని వారికి నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందులను కలిపి ఇచ్చే విధానం 2020లో అమెరికాలో అనుమతి పొందింది. పాత కీమోథెరపీతో 14.1 నెలలున్న మధ్యస్థ జీవితకాలం (రోగుల్లో సగం మంది బతికి ఉండే కాలం) దానితో 18.1 నెలలకు పెరిగిందని ఆ ప్రయోగంలో తేలింది. నెలల్లో లెక్కపెట్టవలసిన జబ్బులో ఎనిమిది నెలలంటే ఏమిటో మీరే ఊహించవచ్చు.

అందుచేత మీకు నేను చెప్పే మొదటి పని పరీక్ష కాదు, ఒక కాగితం. మీ నాన్నగారిని కూర్చోబెట్టి, ఏ నౌకలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నారు, ఏయే గదుల్లో పనిచేశారు, ల్యాగింగ్ ఊడదీశారా, ముద్ద కలిపారా, గాస్కెట్లు కోశారా, డాక్‌యార్డ్ మరమ్మతుల సమయంలో నౌకలోనే ఉన్నారా, ఆ రోజుల్లో ఎవరెవరు పక్కన పనిచేశారు అన్నవన్నీ రాయించండి. సంవత్సరాలు గుర్తు రాకపోతే నౌక లోపలి పటం గీయమనండి. చేయి కదిలితే జ్ఞాపకం దానంతట అదే వస్తుంది, నాకు అలాగే వచ్చింది. ఆ కాగితపు నకలు ఇకమీదట ఆయన చూపించుకునే ప్రతి వైద్యుడి దగ్గరా ఉండాలి, అది కంటి వైద్యమైనా సరే.

తరువాత ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించండి. ఎక్స్‌రేలో కనిపించని సన్నని మార్పులను హెచ్‌ఆర్‌సీటీ అనే మరింత స్పష్టమైన సీటీ స్కాన్ చూపిస్తుంది. ఊపిరి ఎంత లోపలికి పోతోంది, ప్రాణవాయువు రక్తంలోకి ఎంత బాగా చేరుతోంది అన్నది శ్వాస పరీక్షలు చెబుతాయి. ఊపిరితిత్తి కండే గట్టిపడే ఆస్బెస్టోసిస్ ఉంటే అక్కడ తేలుతుంది. నాకు అది లేదు, ప్లాక్స్ మాత్రమే ఉన్నాయి; ఎంతకాలానికి మళ్ళీ రావాలో మా వైద్యురాలే చెబుతారు. ఒకవైపు ఛాతీనొప్పి తగ్గకుండా ఉన్నా, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆ తేదీ కోసం ఆగవద్దని ఆమె గట్టిగా చెప్పారు.

మీ నాన్నగారు పొగ తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే ఈ సమాధానంలో మిగతాదంతా పక్కన పెట్టి ముందు అది మాన్పించండి. 1979లో ప్రచురితమైన అమెరికన్ కట్టుపనివారి అధ్యయనంలో, పొగా ఆస్బెస్టాసూ రెండూ లేనివారితో పోలిస్తే ఊపిరితిత్తుల కేన్సర్‌తో మరణించే ప్రమాదం ఆస్బెస్టాస్ మాత్రమే ఉన్నవారికి సుమారు 5 రెట్లు, పొగ మాత్రమే ఉన్నవారికి సుమారు 11 రెట్లు, రెండూ ఉన్నవారికి సుమారు 53 రెట్లు ఉంది. పీల్చిన పోగులను ఇక బయటికి తీయలేం. ఆ లెక్కలో మన చేతిలో ఉన్నది పొగ ఒక్కటే. మెసోథీలియోమాకు మాత్రం పొగతో సంబంధం లేదు, జీవితంలో సిగరెట్ ముట్టని నా మిత్రుడే అందుకు నిదర్శనం.

పరిహారం గురించి కూడా అడిగారు. అది దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 1987కు ముందు సైన్యంలో జరిగిన హానికి ప్రభుత్వం మీద దావా వేసే హక్కు లేకపోవడంతో పాత నావికులు చాలాకాలం నష్టపోయారు. 2016 నుంచి మెసోథీలియోమా వచ్చినవారికి 1,40,000 పౌండ్లు ఒకేసారి తీసుకునే అవకాశం ఇచ్చారు. అమెరికాలో మాజీ సైనికుల శాఖ ద్వారా పింఛను, వైద్యం దొరుకుతాయి. యంత్రాల తయారీదార్లకు కూడా హెచ్చరించే బాధ్యత ఉండవచ్చునని 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఇద్దరు నావికుల కుటుంబాల కేసులో తీర్పు చెప్పింది. జబ్బు లేకుండా ప్లాక్స్ మాత్రమే ఉంటే చాలాచోట్ల పెద్దగా ఏమీ రాదు, ఆ ఆశ పెట్టుకోకండి. అయితే ఎక్కడైనా మొదట అడిగేది ఆయన ఆ నౌకలో, ఆ గదిలో, ఆ పని చేశారనడానికి రుజువు. సేవా రికార్డు నకలు కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి. నాది చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది, వచ్చాక చూస్తే అందులో నౌక పేరు ఉంది గానీ బాయిలర్ గది అని ఎక్కడా లేదు. ఆ ముక్కను ఒక పాత సహోద్యోగి రాసిచ్చిన వాంగ్మూలంతో పూరించవలసి వచ్చింది, అతనికి అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళు.