నాన్నగారి ఒమేగా వాచీకి విలువ కట్టడం ఎలా?

ప్రశ్న: నాన్నగారు నిరుడు కాలం చేశారు. వీలునామా రాయలేదు. తాతగారు 1960 ప్రాంతంలో కొన్న స్టీలు ఒమేగా సీమాస్టర్ వాచీ ఆయన దగ్గర ఉండేది. ఇంటర్నెట్‌లో అలాంటిదే రెండు లక్షలకు అమ్మకానికి పెట్టారు. డయల్‌కు రంగు వేయించి పాలిష్ పట్టిస్తే ఇంకా పలుకుతుందని రిపేరు షాపులో అన్నారు. తమ్ముడికి సగం డబ్బు ఇచ్చి నేనే ఉంచుకోవాలనుకుంటున్నాను. ఎంత ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దయచేసి ఆ డయల్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పాత వాచీ విలువలో పెద్ద భాగం అక్కడే ఉంటుంది. పసుపు తిరిగినా, అంచుల్లో మచ్చలు పడినా, ఫ్యాక్టరీలో వేసిన ముద్ర చెదరకుండా ఉంటే సేకర్తలు దానికే డబ్బు పెడతారు. రంగు వేయించారా, వాళ్లు వెనక్కి తగ్గుతారు. మన దేశంలో ఇలా రంగు పూసిన స్విస్ వాచీలు ఎన్నో తిరుగుతున్నాయి. అందుకే ఇక్కడి వాచీ అనగానే విదేశీ కొనుగోలుదారులు ముందు అనుమానిస్తారు. పాలిష్ కూడా వద్దు. కేసు, అంటే యంత్రాన్ని ఇముడ్చుకునే లోహపు చట్రం, అంచుల పదును ఒకసారి అరిగితే మళ్లీ రాదు.

ఇప్పటికే ఎవరైనా రంగు వేశారేమో భూతద్దంతో చూడండి. అక్షరాలు అలికినట్లున్నా, నిమిషాల గీతలు గంట గుర్తులకు సూటిగా లేకపోయినా సందేహించాల్సిందే. తర్వాత నమ్మకస్తుడైన మెకానిక్ చేత మీ ఎదుటే వెనక మూత తీయించండి. మూత లోపలి వైపు కేసు నంబరు (వాచీ మోడల్ సంఖ్య), యంత్రం మీద క్యాలిబర్ (యంత్రం మోడల్), సీరియల్ నంబర్లు ఉంటాయి. మూడింటినీ ఫొటో తీసుకోండి. సీరియల్ 1.7 కోట్లు, 1.8 కోట్ల మధ్య ఉంటే 1960 అన్న మాట నిజమే. కేసు ఒక మోడల్‌ది, యంత్రం మరొక మోడల్‌ది అయితే వేర్వేరు వాచీల భాగాలు కలిశాయన్నమాట. అప్పుడు ధర బాగా తగ్గుతుంది. ముళ్ల మీద చీకట్లో మెరిసే పూత ఉంటే గోకవద్దు. ఆ రోజుల్లో అందుకు రేడియోధార్మిక పదార్థమైన రేడియం వాడేవారు.

మీరు చూసిన రెండు లక్షలు ఎవరో అడుగుతున్న ధర, ఎవరూ చెల్లించినది కాదు. అదే కేసు నంబరు వాచీలు వేలంలో ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. పాత వాచీలు కొనే ఇద్దరు వ్యాపారులను ఎంతకు కొంటారో రాసిమ్మని అడగండి. వాళ్లు తమ లాభం చూసుకునే చెబుతారు, నిజమే. కానీ అమ్మితే మీ చేతికి వచ్చేది దాదాపు అంతే కాబట్టి, పంపకానికి నేను ఆ అంకెనే తీసుకుంటాను. అడిగే ధర పట్టుకుని లెక్క వేస్తే మీరు నష్టపోతారు, లేదా తమ్ముడితో మనస్పర్థలు వస్తాయి.

పంపకంలో మీరు అమ్మగారిని మరిచారు. వీలునామా లేనప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, పిల్లలందరికీ సమాన వాటా. నాన్నగారి తల్లి ఉంటే ఆమెకూ ఉంటుంది. అక్కచెల్లెళ్లున్నా అంతే. మీరు ముగ్గురే అయితే తమ్ముడికి ఇవ్వాల్సింది సగం కాదు, మూడో వంతు. అమ్మగారు తన వాటా వదులుకుంటే కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయండి.

వారసత్వంగా వచ్చినందుకు ఆదాయపు పన్ను లేదు. చేతికి పెట్టుకునే స్టీలు వాచీ సొంత వాడకం వస్తువు కాబట్టి, తర్వాత అమ్మినా మూలధన లాభంపై పన్ను పడదు. తీరా చూస్తే కేసు అచ్చంగా బంగారంతో చేసినదని తేలితే మాత్రం దాన్ని ఆభరణంగా లెక్కించవచ్చు. అప్పుడు అమ్మే ముందే ఆడిటర్‌ను కలిసి, లాభం లెక్కలో కొన్న ధరకు బదులుగా చూపడానికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కట్టించి పెట్టుకోండి.