ఎన్నికల ఖర్చు: అడ్డం వస్తున్నది రాజ్యాంగమా, చట్టమా?

ఈ పక్షం ఉత్తరాల్లో సగానికి పైగా ఎన్నికల్లో డబ్బు గురించే ఉన్నాయి. ఒకే మాట అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఎన్నికల్లో పెద్ద డబ్బును అరికట్టడానికి రాజ్యాంగాన్నే సవరించాలని అమెరికాలో అడుగుతున్నారు. మనకూ అదే దారి కాదా? – ఖమ్మం పాఠకుడు

జవాబు: అక్కడ వేరే దారి మిగల్లేదు కాబట్టి అడుగుతున్నారు. ఎన్నికల్లో ఖర్చు పెట్టడం కూడా ఒక రకంగా మాట్లాడటమేననీ, దానికి పరిమితి పెడితే వాక్ స్వాతంత్ర్యానికి భంగమనీ 1976లో బక్లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5–4 తీర్పుతో, అభ్యర్థితో సంబంధం లేకుండా చేసే ప్రచారానికి కంపెనీలు, కార్మిక సంఘాలు ఎంతైనా పెట్టవచ్చంది. రాజ్యాంగం పేరు చెప్పి కోర్టు కొట్టేసినదాన్ని మామూలు చట్టంతో మళ్లీ తేవడం కుదరదు. పరిమితులు పెట్టే అధికారాన్ని చట్టసభలకు ఇచ్చే సవరణ 2014 సెప్టెంబరులో సెనేట్‌కు వచ్చింది. అనుకూలంగా 54, వ్యతిరేకంగా 42 పడ్డాయి. కానీ చర్చ ముగించడానికి కావలసిన 60 ఓట్లు లేక అక్కడే ఆగిపోయింది. అది గట్టెక్కినా ఉభయసభల్లో మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఆమోదం కావాలి.

మన దగ్గర కోర్టు ఎప్పుడూ పరిమితులకు అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది పార్లమెంటే. ఢిల్లీ సదర్ స్థానానికి సంబంధించిన కన్వర్‌లాల్ గుప్తా కేసులో 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని ఖాతాలోకే వస్తుందని చెప్పింది. అదే నెల 19న ఆర్డినెన్స్ వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 77కు ఒక వివరణ తగిలించి, పార్టీలూ మిత్రులూ పెట్టే ఖర్చును లెక్కలోంచి తీసేశారు. 2003లో ఆ మినహాయింపును కుదించినా, పార్టీ అగ్రనేతల ప్రయాణ ఖర్చు ఇప్పటికీ అభ్యర్థి లెక్కలోకి రాదు. పార్టీ మొత్తం ఖర్చుకైతే ఏ చట్టంలోనూ పరిమితి లేదు. అది పెట్టడానికి రాజ్యాంగాన్ని కదిలించనక్కర్లేదు. 327వ అధికరణం కింద మామూలు మెజారిటీతో చేసే చట్టం చాలు.

ఇంకో తేడా కూడా చూడండి. అమెరికాలో అభ్యర్థితో సంబంధం లేకుండా డబ్బు పోగుచేసి ప్రచారానికి ఖర్చు పెట్టే సూపర్ ప్యాక్‌లు బాహాటంగా చేసే పని ఇక్కడ నేరం. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఇతరులు ఖర్చు పెట్టకూడదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 176 అంటోంది. శిక్ష ఏమిటంటారా? జరిమానా, అదీ గరిష్ఠంగా 10 వేల రూపాయలు. ఒక హోర్డింగు అద్దె కూడా రాదు.

అయితే రాజ్యాంగ సవరణ దండగేనా? రెండు చోట్ల పనికొస్తుంది. రాజ్యాంగం 19(2) అధికరణంలో వాక్ స్వాతంత్ర్యానికి పెట్టదగిన ఆంక్షల కారణాలు వరుసగా ఉన్నాయి: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం వగైరా. ఎన్నికల నిష్పాక్షికత ఆ వరుసలో లేదు. రేపు ఏ పెద్ద సంస్థో తన ప్రచారం వాక్ స్వాతంత్ర్యమేనంటూ కోర్టుకెక్కితే ఈ ఖాళీయే దానికి ఆయుధమవుతుంది. రెండోది తాళం సంగతి, అంటే పెట్టిన పరిమితిని తర్వాత ఎవరూ సులువుగా తీసేయకుండా చూడటం. 1974లో తీర్పును ఆర్డినెన్స్ మింగేసింది. 2017లో కంపెనీ విరాళాల పరిమితిని ద్రవ్య బిల్లుగా తెచ్చిన ఆర్థిక చట్టంలో కలిపి, రాజ్యసభకు తిరస్కరించే వీలు లేకుండా ఎత్తేశారు. రాజ్యాంగ సవరణను ఆర్డినెన్స్‌తో తేలేరు, ద్రవ్య బిల్లులో దాచలేరు. 368వ అధికరణం ప్రకారం ప్రతి సభలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి. 543 మందీ వస్తే 362. ఎన్నికల సంఘానికి సంబంధించిన 324వ అధికరణం రాష్ట్రాల ఆమోదం కావలసిన జాబితాలో లేదు కాబట్టి అసెంబ్లీల దాకా వెళ్లాల్సిన పని లేదు. మా మాట అడిగితే ముందు సెక్షన్ 77 సవరణ, తర్వాతే తాళం. లోపల ఏమీ లేని పెట్టెకు తాళమెందుకు?

ప్రశ్న: ఎమ్మెల్యే అభ్యర్థికి పరిమితి 40 లక్షలంటారు. కళ్ల ముందు కోట్లు కనిపిస్తాయి. లెక్క మాత్రం పరిమితి లోపలే తేలుతుంది. ఎలా? – నల్గొండ పాఠకురాలు

జవాబు: 2022 జనవరి నుంచి పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. లెక్క మొదలయ్యేది నామినేషన్ వేసిన రోజు, ముగిసేది ఫలితం ప్రకటించిన రోజు. అంతకుముందు ఆరు నెలలు పెట్టిన భోజనాలు, పంచిన కుక్కర్లు, వేయించిన ఫ్లెక్సీలు ఆ కాలంలోకి రావు. మొదటి చిల్లు అదే.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు అభ్యర్థి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఖర్చంతా అందులోంచే పోవాలి. ఒక వ్యక్తికిగానీ సంస్థకుగానీ ఎన్నిక మొత్తం మీద 10 వేలకు మించి నగదు ఇవ్వకూడదు. రిజిస్టరులో మూడు భాగాలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెల్ల పేజీలు, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు దాన్ని తనిఖీకి పెట్టాలి. అధికారులు వీడియోలు చూసి తమ రిజిస్టరులో విడిగా రాసుకుంటారు. కుర్చీ, షామియానా, భోజనం, జీపు అద్దె, అన్నిటికీ జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన ధరలే కొలమానం. రెండు లెక్కలకూ పొంతన లేకపోతే నోటీసు వస్తుంది.

పార్టీ అగ్రనేత సభ ఖర్చు పార్టీదే. కానీ అభ్యర్థి అదే వేదికెక్కితే, లేదా అక్కడి పోస్టర్ల మీద అతని పేరో బొమ్మో ఉంటే, సభ ఖర్చు అతనికి చుట్టుకుంటుంది. వేదిక మీద ఇద్దరు అభ్యర్థులుంటే చెరి సగం. పెద్దాయన మాట్లాడుతుండగా అభ్యర్థి కింద జనంలో నిలబడటం మీరెప్పుడైనా చూసి ఉంటే, అది వినయం అనుకోకండి. ఇక ఓటుకు పంచే డబ్బు ఏ రిజిస్టరులోనూ ఉండదు, ఏ ఖాతాలోంచీ పోదు. ఇచ్చినవారికే కాదు, తీసుకున్నవారికీ ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. అందుకే సాక్ష్యం చెప్పేవారు దొరకరు.

పౌరుడిగా మీరు చేయగలిగింది ఉంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఎవరైనా ఒక్క రూపాయి రుసుము కట్టి ఆ లెక్కలు చూడవచ్చు, నకళ్లకు వేరే రుసుము. పరిమితి దాటడం ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(6) కింద అవినీతి చర్య. దాని మీద హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. నియోజకవర్గ ఓటరైతే చాలు, 2 వేలు ధరావతు కట్టాలి. కానీ గడువు ఫలితం నుంచి 45 రోజులే. అభ్యర్థి 30వ రోజున లెక్క ఇస్తే మీ చేతిలో మిగిలేది 15 రోజులు. అది వచ్చాక ఆధారాలు వెతుకుదామంటే పని కాదు. ప్రచారం నడుస్తుండగానే సభల ఫొటోలు, వాహనాల నంబర్లు, తేదీలు రాసిపెట్టుకోవాలి. లెక్క ఇవ్వకపోయినా, సరైన పద్ధతిలో ఇవ్వకపోయినా ఎన్నికల సంఘం అదే చట్టం సెక్షన్ 10ఏ కింద మూడేళ్లు అనర్హుణ్ని చేయగలదు. లెక్క నిజమా అబద్ధమా అని విచారించే అధికారం కూడా సంఘానికి ఉందని 2014లో అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ప్రశ్న: ఎన్నికల బాండ్లు పోయాయి కదా. ఇప్పుడు కంపెనీల డబ్బు ఎలా వస్తోంది? – విజయవాడ పాఠకుడు

జవాబు: పాత దారుల్లోనే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఈ బాండ్లతోపాటు 2017 నాటి మార్పులనూ కొట్టేసింది. అందువల్ల కంపెనీల చట్టం సెక్షన్ 182లో పాత పరిమితి తిరిగొచ్చింది: గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం. మూడేళ్లలో 40, 50, 60 కోట్ల లాభం చూపిన కంపెనీ సగటు 50 కోట్లు, ఇవ్వగలిగేది 3 కోట్ల 75 లక్షలు. బోర్డు తీర్మానం ఉండాలి, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందీ లెక్కల్లో చూపాలి. విరాళాలు పోగుచేసి పార్టీలకు చేర్చే ఎలక్టోరల్ ట్రస్టులు వసూలు చేసినదాంట్లో 95 శాతం పార్టీలకు పంచాలి. 20 వేలు దాటిన విరాళాల పేర్లను పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఆ లోపు మొత్తాలకు పేర్లు అక్కర్లేదు కాబట్టి పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలు చేసే ఆట ఇంకా సాగుతుంది.

తీర్పు తర్వాత బయటపడిన వివరాల్లో 2019 ఏప్రిల్ నుంచి నగదుగా మార్చుకున్న బాండ్లు బీజేపీకి సుమారు 6,060 కోట్లు, బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు, వైసీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి 219 కోట్లు. ఏ కంపెనీ ఎవరికి ఇచ్చిందో బాండ్ల నంబర్లు జోడించి చూసుకునే వీలు మొదటిసారి అప్పుడే కలిగింది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇక్కడి అభ్యర్థికీ, అక్కడి పార్టీకీ విరాళం ఇవ్వవచ్చా? – ఎడిసన్ పాఠకురాలు

జవాబు: అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు ఉంటే అక్కడ ఇవ్వవచ్చు. 2025–26కు ఫెడరల్ అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ, జనరల్ వేరువేరు లెక్క. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఇండియాలో పార్టీకి ఇవ్వాలంటే మీ చేతిలో భారత పాస్‌పోర్టు ఉండాలి, సొంత పొదుపు నుంచి, బ్యాంకు ద్వారా ఇవ్వాలి. విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ఆ కార్డుదారులు ఇస్తే అది విదేశీ విరాళం, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నిషిద్ధం.

ప్రశ్న: డబ్బు పంచారని తేలితే ఎన్నికే రద్దు చేయలేరా? – చిత్తూరు పాఠకుడు

జవాబు: చేశారు, మీ పొరుగునే. 2019లో వెల్లూరు లోక్‌సభ పరిధిలో పది కోట్లకు పైగా నగదు దొరికాక, ఎన్నికల సంఘం సిఫార్సుపై రాష్ట్రపతి ఏప్రిల్ 16న, అంటే పోలింగుకు రెండు రోజుల ముందు నోటిఫికేషన్ రద్దు చేశారు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 58ఏ బూత్ ఆక్రమణకే వర్తిస్తుంది, డబ్బు పంపిణీకి కాదు. అందుకే సంఘం 324వ అధికరణాన్ని ఆసరా చేసుకుంది. ప్రలోభాలకూ వర్తించేలా 58బీ చేర్చాలని సంఘం కోరినా అది చట్టంలోకి రాలేదు. వెల్లూరులో పోలింగ్ ఆగస్టు 5న జరిగింది. రద్దు వల్ల ఎవరి అర్హతా పోలేదు, ప్రధాన పార్టీల అభ్యర్థులు మళ్లీ వాళ్లే.