సమాధానం: మీరు వెతికేది ఒకటి కాదు, రెండు సీరియళ్లు

ఎనభైల్లో అమెరికాలో పిన్నిగారింట్లో చూశానన్నారు కదండీ, నిక్కీగా మారిపోయే పేపరు ఓనరమ్మ, ఎలిజబెత్ టేలర్ వచ్చిన పెళ్లి ఉన్న సీరియల్? అవి రెండు సీరియళ్లు, మీకు కలిసిపోయాయి. ఏబీసీ అనే అమెరికా చానెల్లో మధ్యాహ్నం 2కి ‘వన్ లైఫ్ టు లివ్’, వెంటనే 3కి ‘జనరల్ హాస్పిటల్’. టీవీ కట్టేయకపోతే అంతే మరి!

నిక్కీ మొదటిదాంట్లో. అసలు మనిషి విక్కీ లార్డ్, నెమ్మదస్తురాలు. ఆమెలోని రెండో వ్యక్తిత్వం నిక్కీ బయటికి రాగానే నవ్వూ నడకా మారిపోయేవి. ఆ పాత్ర 1971 నుంచి ఎరికా స్లెజాక్ చేసింది, ఆరు డేటైమ్ ఎమ్మీలు (పగటిపూట టీవీ కార్యక్రమాలకిచ్చే అవార్డులు) గెలిచింది. నాకైతే అవీ తక్కువే. పెళ్లి రెండోదాంట్లో ల్యూక్, లారాలది, 1981 నవంబరు. టేలర్ హెలీనాగా వచ్చి శపించి పోయింది. ఈ పేర్లతో యూట్యూబ్‌లో వెతకండి.